కూలీల జాబితాల్లో వంశమూలాలు: వలస దస్త్రాల అందుబాటు, పరిరక్షణ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

వంశచరిత్ర అన్వేషణకు ఆధారమయ్యే పాత దస్త్రాలను ఎంతవరకు ప్రజలకు అందించాలి, ఎంతవరకు భద్రపరచి ఉంచాలి అన్నది దస్త్రాలయాల ముందున్న ముఖ్యమైన సమస్య. కోరంగి, మద్రాసు రేవుల నుంచి మారిషస్, నాటాల్, ఫిజీ ప్రాంతాలకు వెళ్ళిన తెలుగు ఒప్పంద కూలీల వలస పత్రాలు, ఓడ జాబితాల ఆధారంగా ఈ వ్యాసం ఆ సమస్యను పరిశీలిస్తుంది. అందుబాటు, పరిరక్షణ పరస్పర విరుద్ధాలన్న సాధారణ భావనను ప్రశ్నిస్తుంది. కాగితాన్ని కాపాడటానికి తీసిన నకలు తప్పు చదువును స్థిరపరచగలదని, దస్త్రంలోని అర్థాన్ని కాపాడటానికి ఆ భాషా ప్రాంతాలకు చెందిన పాఠకులు అవసరమని వివరిస్తుంది. కులం, శరీర చిహ్నాలు, ఛాయాచిత్రాల విషయంలో పాటించవలసిన మర్యాదలను చర్చించి, సమతుల్యతకు కొన్ని ప్రాతిపదికలను ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వంశచరిత్ర, ఒప్పంద కూలీలు, వలస పత్రాలు, ఓడ జాబితాలు, దస్త్రాల పరిరక్షణ, డిజిటలీకరణ, ఇంటిపేరు, కైఫియతులు.

1. ఉపోద్ఘాతం:

దస్త్రాలయాల నిర్వహణలో రెండు బాధ్యతలు ఎప్పుడూ పక్కపక్కనే ఉంటాయి. దస్త్రాన్ని చెడిపోకుండా కాపాడటం మొదటిది. అడిగినవారికి దానిని చూపడం రెండవది. కాగితాన్ని తాకిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. ఎవరికీ చూపని కాగితం ఉన్నా లేనట్లే. కనుక ఈ రెండింటి మధ్య సమతుల్యత ఉండాలని అందరూ అంగీకరిస్తారు. అయితే సమతుల్యత అనే మాటలోనే ఒక తక్కెడ దాగి ఉంది. ఒక పళ్ళెం దిగితే రెండవది లేవక తప్పదన్న భావన ఆ మాట వెంట వస్తుంది. వంశచరిత్ర దస్త్రాల విషయంలో ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

చరిత్రకారుడి అవసరానికీ, వంశమూలాలను వెతికే వ్యక్తి అవసరానికీ భేదం ఉంది. చరిత్రకారుడికి వేల పేర్ల వరుస కావాలి. ఆ వరుస నుంచి అతడు వలస గతిని, వయసుల పంపిణీని, జిల్లాల వాటాను లెక్కగడతాడు. వంశాన్వేషకుడికి ఒకే ఒక్క పంక్తి కావాలి. ఆ పంక్తిలో తన ముత్తాత పేరు, అతని తండ్రి పేరు, విడిచి వచ్చిన ఊరు ఉండాలి. వేల పంక్తుల లెక్కలో ఒక అక్షరం పొరపాటు పెద్దగా లెక్కకు రాదు. ఒక్క పంక్తి కోసం వెతికేవాడికి ఆ ఒక్క అక్షరమే ఊరి దారిని మూసివేయగలదు. దస్త్రాలయాల నియమాలు ఎక్కువగా చరిత్రకారుణ్ణి దృష్టిలో పెట్టుకొని రూపొందాయి. సమస్యకు మూలం ఇక్కడే ఉంది.

2. గ్రామ దస్త్రంలో లేని పేర్లు:

తెలుగునాట కుటుంబాల వివరాలు నమోదైన పాత ఆధారాలకు కొరత లేదు. గ్రామ కరణాలు తరతరాలుగా నిర్వహించిన దండకవిలెలు, కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కావలి సోదరుల వంటి సహాయకుల ద్వారా సేకరింపజేసిన కైఫియతులు, ఇనాం కమిషన్ రిజిస్టర్లు, సెటిల్మెంటు కాలపు డైగ్లాట్లు వీటిలో ముఖ్యమైనవి. మెకంజీ సేకరణలోని గ్రామ చరిత్రలు చీకిపోతున్న దశలో సి.పి. బ్రౌన్ వాటిని ఎత్తిరాయించాడు. నేడు వాటిలో అనేక కైఫియతులను చదవగలుగుతున్నామంటే ఆ ఎత్తిరాతలే కారణం. తెలుగు దస్త్రాల పరిరక్షణ చరిత్రలో నకలు తీయడమే ప్రధాన సాధనంగా పనిచేసిందన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

అయితే ఈ ఆధారాలలో ఎవరి పేర్లు ఉన్నాయన్నది వేరొక ప్రశ్న. కైఫియతులో ఊరిని కట్టించిన దొర, గుడికి మాన్యమిచ్చిన రాజు, మిరాశీ అనుభవించిన కరణం కనిపిస్తారు. ఇనాం రిజిస్టరులో ఇనాందారుల వంశక్రమం ఉంటుంది. డైగ్లాటులో పట్టాదారు ఉంటాడు. సొంత భూమి లేక పాలేరుగా, కూలీగా బతికిన మనిషికి వీటిలో చోటు లేదు. అతని వంశం అతని ఇంటివారి జ్ఞాపకంలోనో, ఆశ్రిత కులాలవారి గానంలోనో మిగిలింది. పిచ్చుకుంట్లవారు, భట్రాజులు తమ దాతృకులాల వంశావళులను చెప్పేవారు. మాదిగలకు డక్కలివారు ఆ పని చేశారు. ఈ మౌఖిక సంప్రదాయంలో అందుబాటు, పరిరక్షణ వేర్వేరు పనులు కావు. దాత ఇంటి ముందు చెప్పినంత కాలం వంశావళి నిలిచింది. చెప్పించుకునేవారు కరువైనప్పుడు అది మరుగున పడింది.

1984లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణం, మునసబు ఉద్యోగాలను రద్దు చేసింది. దానితో గ్రామ దస్త్రాలకూ కరణాల ఇళ్ళకూ మధ్య ఉన్న వంశపారంపర్య బంధం తెగిపోయింది. దస్త్రం ఒక కుటుంబం గుప్పిట్లో ఉండటం అందుబాటుకు ఆటంకమైన మాట నిజం. ఆ కుటుంబానికి దస్త్రాన్ని చదివే నేర్పు ఉండేదన్నదీ నిజమే. గొలుసుకట్టు రాతను, స్థానిక కొలతలను, ఇంటిపేర్ల పూర్వాపరాలను తెలిసిన చదువరి లేకపోతే కాగితం మిగిలినా అందులోని విషయం అందదు. వలస దస్త్రాల చర్చలోనూ ఈ అంశం మళ్ళీ ఎదురవుతుంది.

3. వలస దస్త్రాల స్వరూపం:

సొంత ఊరి రిజిస్టరులో చోటు దొరకని కూలీ పేరు ఓడ ఎక్కే చోట నమోదైంది. 1834 తర్వాత మారిషస్‌కు, 1860 నుంచి 1911 వరకు నాటాల్‌కు, 1879 నుంచి 1916 వరకు ఫిజీకి ఒప్పంద కూలీల వలస సాగింది. నాటాల్‌కు తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మొత్తం 384 ఓడ ప్రయాణాల్లో 1,52,184 మంది అక్కడికి వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి వెళ్ళినవారే. ఫిజీకి మద్రాసు నుంచి వలస 1903లో మొదలైంది. ఆ మార్గంలో సుమారు 15 వేల మంది వెళ్ళారు. మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని పిలవడానికి గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు కారణం.

ప్రతి కూలీకి ఒక సంఖ్య కేటాయించి పేరు, తండ్రి పేరు, వయసు, లింగం, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీరంపై గుర్తులు నమోదు చేశారు. ఫిజీ వలస పత్రాలలో దగ్గరి బంధువు పేరు, వైద్యుడి ధ్రువీకరణ కూడా కనిపిస్తాయి. మారిషస్‌లో 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో కూలీల ఛాయాచిత్రాలను కూడా తీసి ఉంచారు. ఇంత వివరంగా నమోదు చేయడానికి కారణం కూలీ పట్ల గౌరవం కాదు. పారిపోయినవాణ్ణి పట్టుకోవడానికి, ఒప్పంద కాలాన్ని లెక్కించడానికి, తోట యజమానికి అప్పగించడానికి ఆ వివరాలు అవసరమయ్యాయి. ఇదే కాలంలో బర్మాకు వెళ్ళిన తెలుగు కూలీలు మేస్త్రీల చేతికింద అప్పుతో బంధింపబడి వెళ్ళారు. మేస్త్రీకి కూలీ మనిషిగా తెలుసు కనుక శరీర చిహ్నాల పట్టిక అవసరం లేకపోయింది. ఫలితంగా రంగూన్ వెళ్ళిన తాత కోసం వెతికే మనుమడికి ఒప్పంద కూలీ సంతతికి ఉన్నటువంటి పత్రం దొరకదు.

ఇక్కడ ఒక వైచిత్రి స్పష్టమవుతుంది. భూమిలేని అనేక తెలుగు కుటుంబాలకు తమ పూర్వీకుణ్ణి పేరుతో, తండ్రి పేరుతో, ఊరితో సహా పేర్కొన్న అతి పాత లిఖిత ఆధారం బహుశా ఈ నిర్బంధ పత్రమే. ఇది సముద్రం దాటినవారి సంతతికి మాత్రమే పరిమితమైన ఆధారం కాదు. ఓడ ఎక్కినవాడి అన్నదమ్ములు ఊళ్ళోనే ఉండిపోయారు. ఆ అన్నదమ్ముల సంతతికి కూడా తమ వంశంలో ఒక తరం ముందటి పేరు ఈ జాబితాలోనే దొరికే అవకాశం ఉంది. వలస దస్త్రాల అందుబాటును విదేశాలలోని భారత సంతతి సమస్యగా మాత్రమే చూడటం ఆ కారణంగా అసమగ్రం.

4. కాగితాన్ని కాపాడటంలోని చిక్కులు:

ఈ పత్రాలు చేరిన దేశాలు ఉక్కపోతకు, తుపాన్లకు పేరుపడినవి. ఆ కాలపు ఇనుప లవణాల సిరాలోని ఆమ్లం అక్షరాల వెంబడే కాగితాన్ని తింటుంది. లావుపాటి రిజిస్టర్లను బల్లపై వెడల్పుగా తెరిస్తే కుట్లు తెగుతాయి. ఒకే ఓడ జాబితా కోసం వందల కుటుంబాలు వచ్చినప్పుడు ఆ పుటల అంచులు ముందుగా నలిగి రాలిపోతాయి. ఎక్కువమంది వెతికే దస్త్రమే ఎక్కువగా చెడుతుంది. మూలప్రతిని అడిగినవారందరి చేతికీ ఇవ్వడం కుదరదన్న దస్త్రాధికారి మాటను ఈ కారణాల వల్ల తోసిపుచ్చలేము.

అయితే పరిరక్షణ పేరుతో చేసిన ప్రతి పనీ మేలు చేయలేదు. 20వ శతాబ్ది మధ్యకాలంలో చిరుగుతున్న కాగితాలకు సెల్యులోజ్ అసిటేట్ పొర అంటించే పద్ధతి అనేక దేశాల్లో వ్యాపించింది. యంత్రాలు లేనిచోట ఎసిటోన్‌తో, చేతితో ఆ పొరను అతికించే విధానాన్ని ఢిల్లీలోని జాతీయ దస్త్రాలయం రూపొందించింది. తక్కువ ఖర్చు కారణంగా ఇతర దేశాలూ దానిని స్వీకరించాయి. కాలక్రమంలో ఆ పొరే క్షీణించి కాగితానికి హాని చేస్తుందని తేలడంతో నిపుణులు ఆ పద్ధతికి దూరమయ్యారు. మైక్రోఫిల్మ్ విషయంలోనూ పరిమితులు ఉన్నాయి. నలుపు తెలుపు చిత్రంలో సిరాల రంగుల భేదం పోతుంది. తర్వాతి కాలంలో వేరే సిరాతో అంచున రాసిన ‘తిరిగి వెళ్ళాడు’, ‘మరణించాడు’ వంటి గమనికలను మొదటి నమోదు నుంచి వేరు చేయడం కష్టమవుతుంది. ఒక వంశాన్వేషకుడికి తన పూర్వీకుడి చివరి కబురు ఆ గమనికలోనే ఉండవచ్చు.

డిజిటలీకరణ తర్వాత మూలప్రతి ఎందుకన్న వాదం కూడా ఇటీవల వినిపించింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1858 నుంచి భద్రపరచిన వీలునామాలను స్కాన్ చేసి, కొంతకాలం తర్వాత మూలాలను ధ్వంసం చేసే ప్రతిపాదనపై అక్కడి న్యాయ మంత్రిత్వ శాఖ 2023 డిసెంబరులో అభిప్రాయాలు కోరింది. ప్రసిద్ధుల వీలునామాలను మాత్రం మూలరూపంలోనే ఉంచాలన్నది అందులో ఒక అంశం. చరిత్రకారులు, వంశచరిత్ర పరిశోధకులు దానిని తీవ్రంగా వ్యతిరేకించారు. ఆ ప్రతిపాదనలోని తర్కాన్ని కూలీ జాబితాలకు అన్వయిస్తే ఫలితం ఏమిటో ఊహించవచ్చు. కూలీలలో ప్రసిద్ధులు ఎవరు? ప్రసిద్ధిని కొలబద్దగా తీసుకుంటే ఓడ జాబితాలో ఒక్క పుట కూడా మిగలదు. పరిరక్షణకు అర్హతను నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న సాంకేతిక ప్రశ్నలకంటే ముందు రావాలి.

5. నకలు, చదువు, తప్పు చదువు:

వలస పత్రాల మీద జరిగిన పరిశోధనలో రెండు కృషులు ప్రత్యేకంగా పేర్కొనదగినవి. బ్రిజ్ విలాస్ లాల్ ఫిజీ వలస పత్రాలలో 45,439 పత్రాలను కంప్యూటరు సహాయంతో విశ్లేషించి 1983లో ‘గిర్మిటియాస్’ గ్రంథాన్ని వెలువరించాడు. సురేంద్ర భానా నాటాల్ ఓడ జాబితాల ఆధారంగా చేసిన అధ్యయనం 1991లో వెలువడింది. కూలీలందరూ సమాజపు అట్టడుగు నుంచి మోసపోయి వచ్చినవారేనన్న స్థూల అభిప్రాయాన్ని లాల్ అధ్యయనం సవరించింది. పత్రాలను లెక్కలుగా మార్చడం వల్లనే ఆ పని సాధ్యమైంది. అయితే అతడు పరిశీలించినవి కలకత్తా రేవు నుంచి వెళ్ళినవారి పత్రాలు. మద్రాసు నుంచి ఫిజీ వెళ్ళిన సుమారు 15 వేల మంది, వారిలోని తెలుగువారు, ఆ లెక్క పరిధిలోకి రాలేదు. గణన కోసం సంకేతాలుగా మార్చిన పేరు వంశాన్వేషకుడికి ఉపయోగపడదన్నదీ గమనించాలి. ఇది ఆ కృషిలోని లోపం కాదు, దాని లక్ష్యం వేరు.

పేర్ల ఎత్తిరాత దగ్గరకు వచ్చేసరికి సమస్య మరింత సున్నితమవుతుంది. కూలీ నోటితో చెప్పిన తెలుగు పేరును రేవులోని గుమాస్తా తనకు వినిపించినట్లు ఇంగ్లీషు అక్షరాలలో రాశాడు. ఆ అక్షరాలలో త, ట లకు భేదం లేదు. ద, డ లకు, ల, ళ లకు, న, ణ లకు భేదం లేదు. హ్రస్వ దీర్ఘాలు పోయాయి. ఒత్తులు పోయాయి. అలా రాసిన ఊరి పేరు కొత్తపేటో కోటపేటో తేల్చడానికి తాలూకా పేరు చూడాలి. తాలూకా పేరు కూడా ఆనాటి ఇంగ్లీషు రూపంలోనే ఉంటుంది. చికాకోల్ అంటే శ్రీకాకుళమని, బిమ్లిపటం అంటే భీమునిపట్నమని, కొకనాడ అంటే కాకినాడ అని తెలియని చదువరికి ఆ వరుస అర్థం కాదు.

జిల్లాల సరిహద్దులు మారడం మరొక చిక్కు. శ్రీకాకుళం 1936 వరకు గంజాం జిల్లాలో ఉంది. నాటి విశాఖపట్నం జిల్లాలోని పాలకొండ ప్రాంతం 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరింది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. పత్రంలో ‘గంజాం’ అని చూసి ఒడిశాలో వెతికే వారసుడు తన ఊరిని ఎప్పటికీ చేరలేడు.

అన్నిటికంటే పెద్ద లోపం ఇంటిపేరు లేకపోవడం. వలస పత్రపు నమూనాలో పేరుకు, తండ్రి పేరుకు గడులు ఉన్నాయి. తెలుగువారి వంశాన్ని పట్టి ఇచ్చే ఇంటిపేరుకు గడి లేదు. వలస వెళ్ళిన చోట తండ్రి పేరో, వ్యక్తి పేరో, నాయుడు, రెడ్డి వంటి కులసూచక పదమో తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. పేరు చివర ‘గాడు’ అని రాసి ఉంటే అది పేరులో భాగమా, ఊళ్ళో పెద్దకులాలవారు పిలిచిన పద్ధతి రేవు దాకా వచ్చి కాగితమెక్కిందా అన్నది తెలుగు సమాజం తెలిసినవారే చెప్పగలరు. అప్పల, పైడి, సన్యాసి, పరదేశి, సింహాచలం వంటి పేర్లు కనిపించగానే ఉత్తరాంధ్ర వాసన తగులుతుంది. సింహాచలం అప్పన్న, విజయనగరం పైడితల్లి ఆ పేర్లలో ఉన్నారని విశాఖ, విజయనగరం ప్రాంతాలవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఊరి పేరు చెరిగిపోయిన పత్రంలో కూడా మనిషి పేరే ప్రాంతాన్ని సూచించగలదు.

ఇటువంటి జ్ఞానం లేనిచోట తయారైన సూచిక కొత్త ప్రమాదాన్ని తెస్తుంది. మూలపుట తాళంలో ఉండి, కంప్యూటరు సూచిక మాత్రమే అందుబాటులో ఉన్నప్పుడు ఎత్తిరాసినవారి పొరపాటే దస్త్రమవుతుంది. వారసుడు ఆ తప్పు పేరుతోనే వంశవృక్షం రాసుకుంటాడు. అతని నుంచి ఇతరులు దానిని తీసుకుంటారు. కాగితం క్షేమంగా ఉంటుంది, అందులోని మనిషి తప్పిపోతాడు. మూలపుట ప్రతిబింబాన్ని చూసే అవకాశం ఎక్కువమందికి ఉంటే ఈ తప్పు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. అందుబాటు పరిరక్షణకు ప్రత్యర్థి అన్న వాదం ఇక్కడ బలహీనపడుతుంది. అర్థాన్ని కాపాడే విషయంలో అందుబాటే పరిరక్షణ సాధనం.

6. ఎవరికి అందుబాటు?

అందుబాటు విధానాలలో దేశానికొక పద్ధతి కనిపిస్తుంది. సురినామ్‌కు కలకత్తా నుంచి వెళ్ళిన సుమారు 34 వేల మంది కూలీల వివరాలను ఎవరైనా ఇంటర్నెట్‌లో పేరుతో వెతికి చూడవచ్చు. మారిషస్‌లో వలస దస్త్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. అక్కడ వారసులు తమ కుటుంబ ధ్రువపత్రాలతో అడిగితే సిబ్బంది వెతికి వివరాలను అందించే పద్ధతి ఉంది. మొదటి విధానం వెతుకులాటను సులభం చేస్తుంది, కాని ఎవరు ఎందుకు చూస్తున్నారన్న విచారణ అందులో ఉండదు. రెండవ విధానం దస్త్రాన్ని, అందులోని వ్యక్తుల గౌరవాన్ని కాపాడుతుంది, కాని వరుసగా ధ్రువపత్రాలు ఉన్నవారికే దారి చూపుతుంది. మధ్యలో ఒక తరం పత్రం దొరకనివారు, ముఖ్యంగా వివాహం నమోదు కాని స్త్రీల సంతతి, వాకిలి దగ్గరే ఆగిపోయే అవకాశం ఉంది. ఊళ్ళో మిగిలిన అన్నదమ్ముల సంతతికి ఆ వాకిలి మరీ దూరం.

భారతదేశపు చట్టంలో వంశాన్వేషకుడి స్థానం మరింత అస్పష్టం. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టంలోని 12వ సెక్షన్ 30 ఏళ్ళు దాటి జాతీయ దస్త్రాలయానికి చేరిన, రహస్యం కాని దస్త్రాలను నిజమైన పరిశోధకుడికి అందుబాటులో ఉంచవచ్చునంటుంది. తన తాత ఊరు తెలుసుకోవాలని వచ్చిన వ్యక్తి పరిశోధకుడా కాదా అన్నది చట్టం చెప్పదు. విశ్వవిద్యాలయ పరిచయ లేఖ ఉన్నవాడు అపరిచితుడి తాత గురించి చదవగలగడం, ఆ లేఖ లేని మనుమడు తన తాత గురించి చదవలేకపోవడం న్యాయంగా కనిపించదు.

ఈ విషయం భావోద్వేగాలకు మాత్రమే సంబంధించినది కాదు. మారిషస్‌లోని భారత సంతతికి ఏడవ తరం వరకు ఓసీఐ అర్హత కల్పించే ప్రత్యేక నిబంధనను 2024 మార్చిలో భారత రాష్ట్రపతి అక్కడ ప్రకటించారు. ఏడు తరాల వెనుకకు వెళ్ళాలంటే కుటుంబ జ్ఞాపకం చాలదు. ఒకవైపు ప్రభుత్వం హక్కును విస్తరిస్తున్నప్పుడు, మరొకవైపు ఆ హక్కుకు ఆధారమైన పత్రాన్ని చేరే మార్గం కూడా విస్తరించాలి. లేకపోతే పత్రాలు సులభంగా దొరికిన కుటుంబాలకే ఆ హక్కు దక్కుతుంది.

7. గోప్యత, మర్యాద:

అంతా తెరిచి ఉంచడమే పరిష్కారమన్న వాదాన్ని కూడా విమర్శనాత్మకంగా చూడాలి. జనాభా లెక్కల పత్రాలను ఇంగ్లండ్‌లో 100 ఏళ్ళకు, అమెరికాలో 72 ఏళ్ళకు ప్రజలకు అందిస్తారు. భారతదేశంలో 1948 నాటి సెన్సస్ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత వివరాల పత్రాలను తనిఖీ చేసే హక్కు ఎవరికీ లేదు. ఇటువంటి కాలపరిమితి సూత్రాలను వలస పత్రాలకు అన్వయిస్తే అడ్డంకి ఏమీ ఉండదు. ఒప్పంద వలస ఆగిపోయి వందేళ్ళు దాటింది. పత్రాలలోని వ్యక్తులు జీవించి లేరు.

అయితే వ్యక్తి మరణించినా అతని కులం గడి మరణించదు. ఆ గడిలో నేడు నిందావాచకాలైన పదాలు ఉన్నాయి. వలస వెళ్ళిన చోట కొన్ని కుటుంబాలు కొత్త పేరుతో కొత్త జీవితాన్ని నిర్మించుకున్నాయి. రేవులో కులం మార్చి చెప్పుకున్నవారూ ఉన్నారు. దానిని అబద్ధమనడం కంటే, పుట్టుక విధించిన స్థానం నుంచి తప్పించుకునే ప్రయత్నంగా గుర్తించడం సమంజసం. నాలుగు తరాల తర్వాత ఎవరో అపరిచితుడు ఆ గడిని చదివి నలుగురిలో చాటితే, ఆ ప్రయత్నం చేసినవాడి మనుమడు తలవంచుకోవలసిన పరిస్థితి రావచ్చు. పెళ్ళి సంబంధాల దగ్గర కులం ఇంకా అడుగుతున్న సమాజాలలో ఇది ఊహాజనితమైన భయం కాదు.

శరీర చిహ్నాలు, ఛాయాచిత్రాల విషయం కూడా ఆలోచించదగినదే. ఆ ఛాయాచిత్రాలు నిర్బంధ వ్యవస్థలో భాగంగా తీసినవి. వాటిలోని స్త్రీలు, పురుషులు ఇష్టపడి నిలుచున్నవారు కారు. మనుమరాలికి అది తన పూర్వికురాలి ముఖాన్ని చూపే ఏకైక చిత్రం. ప్రకటన తయారుచేసేవాడికి అదే పాతకాలపు అలంకార చిత్రం. ఒకే చిత్రం రెండు చోట్ల రెండు అర్థాలను పొందుతుంది. కనుక సమాచారాన్ని పొరలుగా విడదీసి, ఒక్కొక్క పొరకు తగిన నియమం పెట్టడం అవసరం. కులం గడిని నల్లసిరాతో చెరిపివేయడం మాత్రం పరిష్కారం కాదు. ఆ గడి లేకపోతే వలస వెళ్ళినవారి సామాజిక చరిత్ర చెరిగిపోతుంది, కులం లేని గతం ఒకటి కల్పితమవుతుంది.

8. సమతుల్యతకు ప్రాతిపదికలు:

పై పరిశీలన నుంచి కొన్ని ప్రాతిపదికలను రూపొందించవచ్చు.

1. మూలప్రతిని ఏ నకలూ భర్తీ చేయదు. డిజిటలీకరణ మూలానికి విశ్రాంతినివ్వడానికే గాని, దానిని తొలగించడానికి అనుమతి కాదు.

2. సూచికతో పాటు మూలపుట రంగుల ప్రతిబింబాన్ని, వెనుకవైపు పుటతో సహా చూపాలి. సూచిక మాత్రమే చూపడం అసంపూర్ణమైన అందుబాటు.

3. పొరపాట్ల సవరణలను మూల నమోదుపై దిద్దకుండా అదనపు పొరగా చేర్చాలి. ఎవరు, ఏ ఆధారంతో సవరించారన్నది నమోదు కావాలి. గుమాస్తా రాసిన రూపం, ఎత్తిరాసినవారి రూపం, ప్రాంతీయ పాఠకుడు గుర్తించిన రూపం మూడూ కనిపించాలి.

4. పేరు, తండ్రి పేరు, ఓడ, ఊరు అనే వివరాలు ఎవరైనా వెతకగలిగేలా ఉండాలి. కులం, శరీర చిహ్నాలు, ఛాయాచిత్రం కోరినవారు తమ బంధుత్వాన్నో, అధ్యయన ప్రయోజనాన్నో తెలిపి చూడాలి. బంధుత్వ నిరూపణకు ధ్రువపత్రం లేనిచోట కుటుంబ వాంగ్మూలాన్ని కూడా పరిగణించాలి.

5. వంశాన్వేషకుణ్ణి నిజమైన పరిశోధకుడిగా గుర్తించే వివరణ నియమావళిలో చేరాలి.

6. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు, మారిషస్, దక్షిణాఫ్రికాలలోని ఆంధ్ర మహాసభలు కలిసి పాత ఇంగ్లీషు రూపాల నుంచి నేటి గ్రామాల పేర్లకు దారి చూపే పట్టికను తయారుచేయాలి. తెలుగు, చరిత్ర శాఖల విద్యార్థులు చేపట్టగలిగిన పని ఇది.

9. ముగింపు:

ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాలలోని ఒప్పంద కూలీల దస్త్రాలను 2011లోను, మారిషస్ దస్త్రాలను 2015లోను యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ గౌరవం పత్రాల విలువను చాటింది. అయితే ప్రపంచ స్మృతిగా గుర్తింపు పొందిన కాగితం ఒక కుటుంబ స్మృతి కాగలిగినప్పుడే ఆ గుర్తింపు సార్థకమవుతుంది. అందుకు కాగితం మిగలాలి, దానిని చూసే దారి ఉండాలి, చూసినదాన్ని సరిగా చదవగలవారు ఉండాలి. ఇంతవరకు జరిగిన చర్చ మొదటి రెండింటి మధ్య పోటీగా సాగింది. మూడవదానిని చేర్చుకుంటే ఆ పోటీ చాలావరకు సడలుతుంది.

తెలుగు ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు, పిలుపుల తీరు తెలిసిన వృద్ధులు రెండు తీరాల్లోనూ తగ్గిపోతున్నారు. పుట ప్రతిబింబాలు వారి కళ్ళ ముందుకు రాకపోతే, తర్వాతి కాలంలో అవి ఎంత స్పష్టంగా కనిపించినా ప్రయోజనం పరిమితమే. సొంత ఊరి కవిలెలో చోటు లేక, పరాయి దేశపు జాబితాలో వంకర అక్షరాలతో మిగిలిన పేరును దాని అసలు ఉచ్చారణతో పలకగలగడం ఈ దస్త్రాల పరిరక్షణలో చివరి మెట్టు. ఆ మెట్టును దస్త్రాలయం ఒంటరిగా ఎక్కలేదు. తెలుగు సమాజం, తెలుగు పరిశోధన దానికి తోడు కావలసి ఉంది.